బ్రేకు లేని సీటు

మా బాబాయి ఎక్కడ కూర్చున్నా కుడికాలు ఊరుకోదు. భోజనం చేస్తున్నా సరే, టీవీ చూస్తున్నా సరే, వీధిలో ఏ బండైనా గట్టిగా హారన్ కొడితే చాలు, బల్ల కింద టప్పుమని శబ్దం. పెళ్లైన కొత్తలో ఆయనకేదో కోపం వచ్చిందనుకుని పిన్ని బిక్కచచ్చిపోయేదట. సంగతి తెలిశాక ఆ కాలి కింద ఓ పాత చాప ముక్క వేసింది. అది అరిగిపోతే ఇంకోటి వేసింది. అలా ఎన్ని చాపలు అరిగాయో ఆవిడకే తెలియదు.

ఆయన కారు నడపడం నేర్పేవాడు. నేర్పేవాళ్ల కారులో బ్రేకులు రెండుంటాయి. ఒకటి నడిపేవాళ్ల దగ్గర, రెండోది పక్క సీట్లో కూర్చునే మాస్టారి కాలి దగ్గర. ఇరవై ఏళ్లకు పైగా మా బాబాయి సంసారం ఆ రెండో బ్రేకు మీదే నడిచింది. శిష్యులకు రోడ్డు మీద మనిషి కనిపించేలోపే ఆయన కాలు పడేది, దాంతోపాటే నోట్లోంచి "ఆగు" అని ఓ మాట. అరుపు కాదు. పక్కవాళ్లను మంచినీళ్లడిగినట్టు మెల్లగా. సగం ఊరు ఆ కాలి చలవ వల్లే బతికి ఉందని ఆయన ఎన్నడూ అనలేదు. పిన్ని మాత్రం వారానికోసారి అంటుంది.

ఆ డ్రైవింగ్ స్కూలు ఊరి నడిబొడ్డున, నాలుగు రోడ్లు కలిసే మూల మీద ఉండేది. ఓ రేకుల గది, రెండు ముసలి కార్లు, ముందు ఓ బెంచీ. చుట్టూ అద్దాల మేడలు లేచాక కూడా ఆ గది చాన్నాళ్లు అలాగే ఉండిపోయింది, మంచి బట్టల మధ్య మరిచిపోయిన మసిగుడ్డలాగా. చివరికి స్థలంవాళ్లు అమ్మేసుకున్నారు. కొన్నవాళ్లు రేకులు పీకేశారు. ఆ మూల మీద బ్యాంకు వస్తుందని ఒకరు, ఆసుపత్రి వస్తుందని ఒకరు అన్నారు. వచ్చింది స్పోర్ట్స్ కార్ల షోరూమ్.

స్కూలు పోయాక కూడా బాబాయి పొద్దున్నే తయారై వెళ్లి ఆ మూలకెదురుగా నిలబడేవాడు. మందుల షాపతను "రండి మాస్టారూ" అని స్టూలు వేసేవాడు. ఈయన కూర్చునేవాడు కాదు. గోడలు లేస్తుంటే చూస్తూ, ఓ కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ నిలబడేవాడు. ఓ రోజు షోరూమ్ ఓనరమ్మ పని చూసుకోవడానికి వచ్చి, రోడ్డు దాటి ఈయన దగ్గరకొచ్చింది.

"మాస్టారూ, నన్ను గుర్తుపట్టారా?"

"మలుపు దగ్గర కళ్లు మూసుకునే అమ్మాయివి కదూ."

ఆవిడ నవ్విందట. పద్దెనిమిదేళ్లప్పుడు ఆయన దగ్గరే నేర్చుకుంది. "ఇక్కడేం చేస్తున్నారు?"

"ఏం లేదమ్మా. కాళ్లు తీసుకొచ్చాయి."

"అయితే ఆ కాళ్లతోనే లోపలికి రండి. కొనేవాళ్లు కారు నడిపి చూస్తారు కదా, వాళ్ల పక్కన మా మనిషి ఒకరుండాలి. ఈ రోడ్ల సంగతి మీకంటే ఎవరికి తెలుసు."

ఆ సాయంత్రం బాబాయి ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే హాల్లో అటూ ఇటూ తిరిగాడు. అదే మూల, అదే పక్క సీటు. సంతోషమో కంగారో ఆయనకే తెలిసినట్టు లేదు. మేము వాళ్ల కింది వాటాలో ఉంటాం, మా నడినెత్తి మీద ఆ నడక అలా వినబడుతూనే ఉంది.

తిప్పలు మొదలైంది షోరూమ్ ఇంకా తెరవకముందే. ఓనరమ్మ స్నేహితులు కొందరు కారు నడిపి చూడటానికి వచ్చారు. ఆ కార్లు నేలకు అంటుకుపోయినట్టుంటాయి, కూర్చుంటే బాత్‌టబ్బులో దిగినట్టే. పక్క సీటు దగ్గర బ్రేకు ఉండదు. పల్చటి కార్పెట్టు, దాని కింద రేకు. ప్రతి మలుపులో ఆ రేకు మీద బాబాయి బూటు టక్కున పడింది. మొదటాయన కారు దిగి, "మీ పెద్దాయన నేను గుద్దేస్తాననే కూర్చున్నాడమ్మా" అని ముఖం ముడుచుకుని వెళ్లిపోయాడు. రెండో ఆవిడ ఇంకా దారుణం. "ఈ కారుకి బ్రేకులు సరిగ్గా పడవా?" అని అడిగింది.

షోరూమ్ మేనేజరు కుర్రాడు, బూట్లు అద్దంలా మెరుస్తుంటాయి. అతను బాబాయిని పక్కకు పిలిచాడు.

"పెద్దాయనా, ఈ కారు కొనేవాడు కొనేది వేగం కాదు. వేగం ఎక్కడుంది ఇక్కడ, నాలుగు రోడ్లూ ఎప్పుడూ జామే. వాడు కొనేది ధైర్యం. మీరు పక్కన కూర్చుని దాన్ని తొక్కేస్తున్నారు."

"నేను కావాలని తొక్కడం లేదండీ."

"నాకు తెలుసు. కానీ ఓపెనింగ్ రోజు మొదటి డ్రైవు బట్టల షాపు యజమానిది. ఆ రోజు కాలు కదిలిందంటే మీకు ఊరి బయట గోడౌనే. అక్కడ కార్ల మీద గుడ్డలు కప్పాలి, తీయాలి. మేడంతో కూడా మాట్లాడేశాను."

గోడౌన్ పని తప్పుడు పనేం కాదు. కానీ ఆ మూల మీద పూల కొట్టు నుంచి పోలీసు దాకా అందరూ ఆయన్ని మాస్టారూ అంటారు. ఊరి బయట ఆయన ఎవరూ కాదు.

ఉపాయం పిన్నిదే. హాల్లో కుర్చీ వేసి, కుడికాలి బూటు కింద బిస్కెట్ల పొట్లం పెట్టింది. నలిగిందా, ఓడినట్టు. ఎదురుగా కారుగా మా అమ్మాయి. దానికి మూడేళ్లు, ఇంట్లో పిడుగు అంటాం. మూడు చక్రాల సైకిలు మీద హాలు చివర్నుంచి బాబాయి మోకాళ్ల మీదికి దూసుకురావడం దాని పని. పొట్లం నలిగినప్పుడల్లా ముక్కలు దానివే. అందుకని అది ప్రతిసారీ ఇంకాస్త జోరు పెంచేది. నేను బల్ల అంచులకు మెత్తని గుడ్డలు చుట్టి, చేతులు చాచుకుని మధ్యలో నిలబడేదాన్ని.

"నువ్వు కూడా ఓ బ్రేకువే, తప్పుకో తల్లీ" అనేవాడు బాబాయి.

"వదినగారికి పెనాల్టీ వెయ్యాలి బాబాయిగారూ" అని మా మరిది ఎగదోసేవాడు.

మొదట్లో పొట్లాలన్నీ పిండైపోయాయి. మెల్లమెల్లగా నలగడం తగ్గింది. ఓ రోజు పిడుగు వచ్చి సైకిలు చక్రం ఆయన బూటుకు తగిలించినా పొట్లం చెక్కుచెదరలేదు. పిన్ని చప్పట్లు కొట్టింది. పిడుగు మూతి ముడిచి, "తాతా, తొక్కు" అంది ఏడుపు గొంతుతో.

నేను ఆయన ముఖమే చూస్తున్నాను. పెదాలు బిగుసుకుపోయాయి, చూపు గోడ మీద ఎక్కడో ఉంది. పిన్ని రెండుసార్లు పిలిచినా వినబడలేదు.

"బాబాయ్, ఊపిరి తీసుకుంటున్నావా?"

"ఆఁ?" అన్నాడు, నిద్రలోంచి లేచినట్టు.

బరువు పట్టుకుని కదలకుండా నిలబడితే, భౌతికశాస్త్రం లెక్క ప్రకారం చేసిన పని సున్నా. నేను కాలేజీలో చదివిందీ, ఇప్పుడు పిల్లలకు పాఠం చెప్పేదీ అదే. చెయ్యి మాత్రం ఆ లెక్కకు ఒప్పుకోదు.

ఓపెనింగ్ రోజు షోరూమ్ నిండా మనుషులు. మూడు వైపులా అద్దం, నేల కూడా అద్దంలాగే ఉంది. పిడుగు ఓ గోడను నాకింది, ఇంకో గోడకు తల తగిలించుకుంది. నేను దాని వెనకాలే పరుగు. మధ్యలో పసుపు రంగు కారొకటి పళ్లెంలాంటి చక్రం మీద నెమ్మదిగా తిరుగుతోంది. బాబాయి కొత్త కోటు వేసుకుని, తన పాత బెంచీ ఉండిన చోటుకి సరిగ్గా పక్కనే నిలబడి ఉన్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబులో పెట్టడం, తీయడం.

బట్టల షాపు యజమాని భార్యతో సహా వచ్చాడు. యాభై దాటిన మనిషి, చెమట తుడుచుకుంటూనే నవ్వుతున్నాడు. ఆవిడ కారులోకి తొంగి చూసి, "నేనెక్కడ కూర్చోవాలి?" అంది.

"దీనికి రెండే సీట్లండీ" అన్నాడు మేనేజరు.

"మేమూ ఇద్దరమే కదా."

"ఇప్పుడు మాత్రం మా మనిషి కూర్చోవాలండీ."

"ఓహో, డబ్బు కట్టాకే నాకు సీటన్నమాట." ఆవిడ సోఫా వైపు నడిచింది. "వెళ్లిరండి. నేను ఇక్కడ ఏసీ టెస్ట్ చేస్తాను."

కారు బయటికి వెళ్లింది. ఆ శబ్దానికి పిడుగు నా కాళ్లను చుట్టేసుకుంది. అద్దంలోంచి చూస్తే, అంత మోత మోగించిన కారు బస్సు వెనకాల చీమలా పాకుతోంది. మలుపు తిరిగాక కనబడలేదు. మేనేజరు వాచీ చూసుకున్నాడు, నేను మాటిమాటికీ తలుపు చూశాను.

చివరికి వచ్చింది. బట్టల షాపాయన దిగుతూనే, "బ్రేకులు భలే ఉన్నాయి" అన్నాడు. మేనేజరు మా బాబాయి చెయ్యి పట్టుకుని ఊపాడు. కాలు కదల్లేదట, ఒక్కసారి కూడా. కాసేపట్లో షాపాయన కారు కొంటానన్నాడు, ఫొటోలు తీశారు.

బాబాయి మాత్రం ఓ మూల స్టూలు మీద కూర్చున్నాడు. చేతిలో నీళ్ల గ్లాసు ఉంది, తాగడం లేదు. ఓనరమ్మ దగ్గరకొచ్చింది.

"మాస్టారూ, గెలిచారు."

"లేదమ్మా." గొంతు తగ్గించాడు. "పిల్లల బడి సందులో వ్యాన్లు ఆగి ఉన్నాయి. వాటి మధ్యనుంచి ఓ అమ్మాయి పసివాణ్ణి బండిలో పెట్టి తోసుకుంటూ వచ్చింది. ఆ బండి ముందు చక్రం వ్యాను కిందుగా నాకు కనబడింది. ఆయనకు ఇంకా కనబడలేదు."

మేనేజరు కూడా వచ్చి నిలబడ్డాడు. "మరి?"

"నేను ఏమీ అనలేదు. నా నోట్లోంచి ఆగు అన్న మాట రాలేదు. నా కాలిని నేను పట్టుకుని కూర్చున్నాను, ఇంకేదీ పట్టుకోవడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు."

"ఆయనే ఆపారు కదండీ. చాలా దూరంలోనే ఆగింది. ఏమీ జరగలేదు."

"జరగలేదు, ఆయన చూశాడు కాబట్టి. చూడటానికి మీరు కూర్చోబెట్టింది నన్ను." బాబాయి గ్లాసు కింద పెట్టాడు. "నా కాలూ నోరూ ఒకటేనమ్మా, విడివిడిగా రావు. రెండూ ఉండాలి, లేదా రెండూ వద్దు. నేను గోడౌన్‌కే వెళ్తాను."

నేను పిడుగును ఎత్తుకుని గట్టిగా పట్టుకున్నాను. అది విడిపించుకోవాలని గింజుకుంది.

ఓనరమ్మ కింద పెట్టిన గ్లాసు తీసి మళ్లీ ఆయన చేతికిచ్చింది. "కాలు ఆడితే కొనరు మాస్టారూ. మీతో అబద్ధం చెప్పను, నిజంగానే కొనరు."

"తెలుసమ్మా."

మర్నాటి నుంచి ఆయన ఊరి బయటికి బస్సెక్కాడు. సాయంత్రాలు మౌనంగా వచ్చి కూర్చునేవాడు. కాలు కూడా మౌనంగానే ఉండేది. పిన్నికి అది నచ్చలేదు. "ఇంట్లో ఎవరో తగ్గినట్టుంది" అంది నాతో.

తర్వాతి వారం బట్టల షాపాయన కారు తీసుకెళ్లే రోజు. ఆయన ఒక్కడే వచ్చాడు. పసుపు కారు తుడిచి గుమ్మం ముందు పెట్టారు, తాళం చేతిలో పెట్టారు. ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. ఇంకోసారి తిరిగాడు. తలుపు తీసి, మళ్లీ వేసేశాడు.

"ఏమైందండీ?" అన్నాడు మేనేజరు.

"రోడ్డు నిండా బళ్లున్నాయి."

"మొన్న ఇదే రోడ్డు మీద అద్భుతంగా నడిపారు కదండీ."

"మొన్నది మీ కారు. ఇది నాది." ఆయన నుదురు తుడుచుకున్నాడు. "ఆ రోజు నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నారు. ఆయన్ని పిలవండి, ఇంటిదాకా వస్తారేమో."

ఓనరమ్మే స్వయంగా గోడౌన్‌కు ఫోన్ చేసింది. బాబాయి బస్సు దిగి, చేతులకంటిన దుమ్ము దులుపుకుంటూ వచ్చాడు. కారు తలుపు దగ్గర ఆగి ముందే చెప్పేశాడు.

"నా కాలు ఆడుతుందండీ. మీ మీద అనుమానంతో కాదు, అది దాని అలవాటు. నోరు కూడా ఊరుకోదు. మొన్న రెండూ కట్టేసుకుని కూర్చున్నాను, ఈసారి ఆ పని చేయను."

బట్టల షాపాయన ఆయన బూటు వైపు చూశాడు. "ఆడనివ్వండి. గట్టిగా ఆడనివ్వండి. నేనొక్కణ్ణే తొక్కుతున్నానంటేనే భయం."

మందుల షాపతను బయటికొచ్చి చూశాడట. మూడు బస్సులు, ఓ తోపుడుబండి దాటుకుని ఆ పసుపు కారు నడకకన్నా కాస్త జోరుగా వెళ్లింది. లోపలినుంచి టక్, ఆగు, టక్, ఆగు. బట్టల షాపాయన ఇంటి గేటు దగ్గర భార్య ఎదురొచ్చి, "నా సీట్లో ఎవరు?" అందట. బాబాయి దిగి, ఆవిడకు తలుపు పట్టుకుని, బస్టాపుకు నడిచాడు.

ఆ వారంలోనే ఇంకో కారు అమ్ముడైంది. కొన్న డాక్టరమ్మ కూడా తాళం చేతికిచ్చాక గుమ్మంలో నిలబడిపోయింది. ఇక మేనేజరే ఫోన్ చేశాడు, "పెద్దాయనా, మీరు ఇక్కడే ఉండండి. కొనేముందు నేను కూర్చుంటాను. కొన్నాక మీరు."

బాబాయి మళ్లీ ఆ మూలకే వెళ్తున్నాడు. షోరూమ్ అద్దం పక్కన ఆయన స్టూలుంది. డెలివరీ లేని పూట కూర్చోలేక రోడ్డు దాటి మందుల షాపుకి, అక్కణ్నుంచి మళ్లీ ఇటూ తిరుగుతుంటాడు. నెమ్మది మాత్రం రాలేదు, వస్తుందని మేమూ అనుకోవడం లేదు.

నిన్న సాయంత్రం ఆయన మా హాల్లో కూర్చుని ఉంటే, పిడుగు తానే వంటింట్లోంచి బిస్కెట్ల పొట్లం తెచ్చి ఆయన బూటు కింద దోపింది. సైకిలు తీసుకుని హాలు చివరికి వెళ్లి, తల వంచి, ఒక్క ఊపున వదిలింది. పొట్లం పగిలిన చప్పుడు, "ఆగు" అన్న మాట ఒకేసారి వినబడ్డాయి. పిడుగు ఆయన మోకాళ్లకు జానెడు దూరంలో ఆగి, బిస్కెట్ ముక్కల కోసం వంగింది. నా చేతులు అప్పటికే చాచి ఉన్నాయి. బాబాయి వాటిని చూసి, కాలు పక్కకు జరిపి, నాకు కూడా కొంచెం చోటిచ్చాడు.