పసుపునీళ్ళ తూటాలు

తుపాకి పేల్చడం చేతకాని తుపాకుల గుమాస్తాని నేను. రంగంలో, అంటే రంగూన్‌లో, పబేడాన్ పేట దగ్గరి ఒక తుపాకుల దుకాణంలో బల్ల వెనక నిలబడేవాణ్ణి. పులికి ఏ తూటా, పందికేది, అడవికోడికేది అని గుక్క తిప్పుకోకుండా చెప్పేవాణ్ణి. దొరలు కూడా తలూపి వినేవాళ్ళు. తీరా సాయంత్రం ఇంటికెళ్ళేటప్పుడు సందులో కుక్క మొరిగితే వీధి మారిపోయేవాణ్ణి. అది వేరే సంగతి. దుకాణంలో నాకంత నోరుండేదని చెప్పడానికే ఇదంతా.

నా భార్యకు అన్న, నాకు బావ, మేస్త్రీ పని చేసేవాడు. వానలు తగ్గగానే మన తెలుగు కూలీలను వెంటబెట్టుకుని కలప కొట్టే అడవికి వెళ్ళేవాడు. కిందటేడు వాళ్ళ మకాం మీద ఎలుగు పడి ఒకణ్ణి చీరేసింది. అందుకని ఈసారి కంపెనీవాళ్ళు లైసెన్సుతో సహా ఒక జంట గొట్టాల తుపాకి ఇచ్చారు. దాన్ని భుజాన వేసుకుని పెళ్ళికొడుకులా దుకాణంలోకి వచ్చాడు.

"ఏటి బావా, దీన్లోకి ఏవి మంచివో నువ్వే సెప్పు. నా పేనం నీ సేతిలో ఎడతన్నాను" అని నవ్వాడు.

నేను రెచ్చిపోయాను. రవ్వ తూటా పిట్టలకు తప్ప పనికిరాదు, మీదికొచ్చే పంది దాన్ని దులిపేసుకుని వస్తుందన్నాను. పెద్ద గుళ్ళ తూటా దగ్గర్లో బాగానే కొడుతుంది గానీ ఎముక దగ్గర ఆగిపోతుందన్నాను. ఎదురొచ్చే జంతువుని నిలబెట్టాలంటే ఒకే పెద్ద సీసపు గుండున్న తూటా కావాలి. అది కూడా ఏ గొట్టంలో పడితే ఆ గొట్టంలో వెయ్యకూడదు. తుపాకి విప్పి, విడి గుండొకటి వెనక నుంచి జారవిడిచాను. కుడి గొట్టంలోంచి దొర్లి నా అరచేతిలో పడింది. ఎడమదాంట్లో మూతి దగ్గర ఇరుక్కుంది. ఆ గొట్టం చివర్న సన్నబడుతుంది, అందులో గుండు పేలిస్తే గొట్టమే చీలుతుంది. కాబట్టి కుడి వైపు గుండు, ఎడమ వైపు గుళ్ళు. ఏదైనా సరే, జంతువు బాగా దగ్గరికి వచ్చాకే పేల్చాలి. బావ నోరు తెరుచుకుని విన్నాడు. ఆ పూట నన్ను చూసి నేనే మురిసిపోయాను.

"ఒక్కటి మాత్రం గుర్తుంచుకో. వీటి ఒళ్ళు కాగితం. తడి పీలిస్తే ఉబ్బుతుంది, ఉబ్బితే తుపాకిలో దిగదు" అన్నాను.

"వానలో తడవనిస్తానేటి? సంటిపిల్లల్లా సూసుకుంటాను" అన్నాడు.

దసరా రోజున అత్తగారు భోజనానికి పిలిచారు. వాళ్ళిల్లు మింగళ తౌంగ్‌న్యున్‌లో, స్టేషన్ వెనక. మామగారు ఒకప్పుడు రేవులో బస్తాలు మోసిన మనిషి. ఆయన పోయినా బస్తాలు లాగే ఇనప కొక్కెం ఇంట్లోనే ఉంది. పనిముట్ల పండగ వస్తే అత్తగారు దాన్ని పసుపునీళ్ళతో కడిగి బొట్టు పెట్టి పూజ చేస్తారు. రేవు పనివాళ్ళ ఇళ్ళన్నిటా అదే ఆచారం. అన్నం పెట్టిన వస్తువుకి స్నానం చేయించకుండా పండగేమిటి?

గుమ్మంలో అడుగు పెట్టి నిలబడిపోయాను. పీట మీద కొక్కెం ఉంది, గొడ్డలి ఉంది, పూలదండతో తుపాకి ఉంది. పక్కనే ఇత్తడి పళ్ళెం నిండా పసుపునీళ్ళు, అందులో ఎర్రెర్రగా నేను ఎంచి ఇచ్చిన తూటాలు. ఆవిడ ఒక్కొక్కటే తీసి, వేలితో రుద్ది, పసిపిల్ల ఒళ్ళు తుడిచినట్టు తుడిచి గుడ్డ మీద పెడుతున్నారు. నా అలికిడికి చటుక్కున లేచి తలుపు చాటుకి వెళ్ళిపోయారు. అల్లుడి ఎదుట నిలబడ్డం మా వాళ్ళలో లేదు. పెళ్ళయినప్పటి నుంచీ ఆవిడ గొంతు విన్నానే గానీ ముఖం సరిగ్గా చూసి ఎరగను. ఏం చెప్పాలన్నా నా భార్యే మధ్యలో.

బావ ఇంట్లో లేడు. కూలీలను పోగుచెయ్యడానికి వెళ్ళాడు. వంటింటి గుమ్మం దగ్గర నా భార్యని ఆపి, "అవి తడవకూడదే, పాడైపోతాయి. మీ అమ్మకు చెప్పు" అన్నాను.

"ఓలమ్మో! పండగ పూట పసుపునీళ్ళు సెడ్డవని అమ్మతో నాను సెప్పాలా? అన్న అడివికి ఎల్తంటే అపశకునం మాటలేటి?" అని కసిరింది.

తలుపు చాటు నుంచి అత్తగారి గొంతు వినిపించింది. "ఏటంటన్నారే అల్లుడుగారు?"

అడిగారు. ఆవిడంతట ఆవిడే అడిగారు. నా నోరు అప్పుడు ఏమైందో నాకిప్పటికీ తెలియదు. దొరలకు పాఠం చెప్పిన నోరు! మొహమాటంతో చచ్చి, "ఏం లేదు, పాయసం బాగుందట అని చెప్పు" అన్నాను. పాయసం అప్పటికింకా వడ్డించనే లేదు.

మర్నాడు పొద్దున్నే దుకాణం నుంచి తడి తగలని తూటాల పెట్టె ఒకటి తీసుకుని స్టేషన్‌కి పరిగెత్తాను. బావ నడుము పటకాలో తూటాలు వరసగా ఉన్నాయి. ఆరిపోయి, పసుపు రంగు తేలి, కుంకం బొట్లతో కళకళలాడుతున్నాయి. కొంచెం అవతల అత్తగారు తల నిండా కొంగు కప్పుకుని నిలబడి ఉన్నారు.

"ఇవి వాడు బావా, ముందు ఇవే వాడు" అన్నాను.

"ఎందుకు, అవి ఉన్నాయి గదా?"

ఆవిడ వింటున్నారు. "నాలుగు ఎక్కువుంటే మంచిదేగా" అన్నాను.

"అయితే నీవి పెట్లో ఉంటాయి, అమ్మ పూజ సేసినవి నడుం మీద ఉంటాయి" అని తన పెట్టెలో పడేసి తాళం వేసేశాడు. రైలు కదిలింది. చెయ్యూపాను. ఛీ, ఊపడానికి మాత్రం చెయ్యి లేచింది.

బావని పండగై నెల దాటకముందే డోలీలో తెచ్చి ఆసుపత్రిలో పడేశారు. వాగు దారిలో గాయపడ్డ పంది ఒకటి ఎదురొచ్చింది. తుపాకి మడిచి పటకాలోని తూటా పెడితే సగం దాకా వెళ్ళి ఇరుక్కుంది. లోపలికి పోదు, బయటికి రాదు. పంది తొడ చీల్చేసింది. వెంట ఉన్న ముసలి బర్మా వేటగాడు కత్తితో దాన్ని నరికాడు కాబట్టి మనిషి దక్కాడు. కాలు మాత్రం దక్కలేదు. ఇక అడవి లేదు, మేస్త్రీ పనీ లేదు.

మంచం మీద నుంచే నా చెయ్యి పట్టుకున్నాడు. "అడివిలో మంచెక్కువ బావా, తూటాలకి సెమ్మ పట్టీసిందని అమ్మకు సెప్పినాను. నువ్వూ అదే సెప్పు." అది పసుపునీళ్ళ పనేనని అతనికి తెలుసు. తెలిసి తల్లిని కాచుకుంటున్నాడు. నాకేమో, సిగ్గు విడిచి చెబుతున్నాను, గుండె తేలికైంది. మంచు, అంతే, మంచే అనుకున్నాను. ఆ తేలికదనాన్ని తలుచుకుంటే ఇప్పుడు కూడా ఒంటి మీద చెప్పు పడ్డట్టుంటుంది.

వారం తిరిగేసరికి అత్తగారి నుంచి కబురు వచ్చింది. వెళ్ళి చాప మీద కూర్చున్నాను. తలుపు కిర్రుమంది. ఆవిడ చాటున ఆగలేదు. బయటికి వచ్చి, కొంగు కూడా సర్దుకోకుండా నా ఎదురుగా కూర్చున్నారు. ఒక చేతిలో అడవి నుంచి తిరిగొచ్చిన పటకా తూటాలు, ఉబ్బి, అంచులు విచ్చి, పసుపు గీతలతో. ఇంకో చేతిలో నా పెట్టెలోవి, నున్నగా.

"రెండూ ఒక్క అడివికే ఎల్లినాయి గదా బాబూ. మంచు వీటికే పట్టినాదా?"

నేను చాప అంచు పీకుతూ కూర్చున్నాను.

"నా పసుపునీళ్ళే గదా?"

తల ఊపాను.

ఆవిడ ఏడవలేదు. రెండు చేతుల్లోవీ నా ముందు చాప మీద పెట్టారు. "నాను అడిగినాను గదా. ఏటంటన్నారని అడిగినాను గదా. ఒక్క మాట అనుంటే నాను పళ్ళెం పారబోసీదాన్ని గదా బాబూ."

తర్వాత లేచి, నాకు ఆకు వేసి, తనే వడ్డించారు. ఆ రోజు నుంచి ఆవిడ ఎప్పుడూ నన్ను చూసి తలుపు చాటుకి వెళ్ళలేదు. ఎదురుగానే తిరిగేవారు, ఎదురుగానే కొడుకు మొండి కాలికి కట్టు మార్చేవారు. ఆవిడ మర్యాదిచ్చి చాటుకి వెళ్ళేంత మనిషిని కాకుండా పోయాను. ఆ ఇంట్లో తిన్నన్నాళ్ళూ ఆకులోంచి తలెత్తలేదు.