వెంటిలేటరు మీద చెక్క

కళ్లజోళ్ల షాపు నడిపే ఆమెను వీధి మొత్తం కళ్లజోళ్లమ్మ అనే పిలిచేది. పుట్టింట్లో నేర్చుకున్న పని అది. ఎదుట కూర్చున్నవాళ్లకు ఒకదాని తర్వాత ఒకటి అద్దాలు మారుస్తూ, "ఇప్పుడెలా ఉంది? ఇందాకటి కంటే నయమా?" అని విసుగు లేకుండా అడిగేది. చిన్నప్పటి నుంచీ ఆమెకు కూడా కళ్లజోడు లేకపోతే గోడ ఏదో తలుపు ఏదో తెలియదు.

అత్తవారింట్లో అందరితోనూ ఆమెకు పొసిగింది, ఒక్క బాత్రూముతో తప్ప.

పాత ఇల్లు. పొద్దున ఎవరైనా వేడినీళ్లు పోసుకుంటే మధ్యాహ్నం దాకా గోడల చెమట ఆరేది కాదు. పైకప్పు మూలల్లో నల్లటి బూజు మచ్చలు. తువ్వాలు ముఖానికి పెట్టుకుంటే ముక్కవాసన. లోపల అడుగు పెట్టగానే కళ్లజోడును ఆవిరి కమ్మేసేది. తీసేస్తే ఏమీ కనపడదు, పెట్టుకుంటే అసలే కనపడదు. ఒకరోజు మామగారి నడుంనొప్పి మందు బ్రష్షు మీద వేసుకుని పళ్లు తోముకుంది. ఆ పూటంతా షాపుకొచ్చినవాళ్లతో మండే నోటితోనే మాట్లాడింది.

భర్త స్కూల్లో డ్రిల్లు మేష్టారు. అతనికి తెలిసిన వైద్యం రంగు వెయ్యడమే. సెలవులు రాగానే బ్రష్షు పట్టేవాడు. నెల తిరక్కుండా ఆ రంగు పొక్కులు లేచి, పెచ్చులుగా బకెట్లో రాలేది.

ఒకసారి అతనికి సాయంగా ఆ పెచ్చులు గీకుతుంటే గోడ పైభాగంలో ఒక చెక్క అంచు బయటపడింది. మేకులు కొట్టి ఉంది. తడితే డొల్లగా మోగింది.

"ఇక్కడ వెంటిలేటరు ఉండేదా ఏంటి?" అని అడిగింది.

భర్త గొంతు తగ్గించాడు. "ఉండేది. నాన్న మూసేశారు. ఆయన దగ్గర ఆ మాటెత్తకు."

"ఏమైందండీ?"

"నాన్న స్నానం చేస్తూ పాడేవారు. ఓరోజు పక్కింటి పిన్నిగారు గోడ మీంచి, 'మీ మోటారేదో మూలుగుతోందండీ, కాలిపోకముందే బాగు చేయించుకోండి' అంది. ఆ పూటే సుత్తీ మేకులూ తీశారు. పాట బంద్. ఆవిడతో మాట కూడా బంద్."

మామగారు ప్రెస్సులో పనిచేసి రిటైరైన మనిషి. మనసు వెన్నే గానీ, ఉక్రోషం వస్తే ఒక పట్టాన మెట్టు దిగరు.

మర్నాడు షాపుకు వెళ్తూ ఆమె పక్కింటి తలుపు తట్టింది. విషయమంతా విని పిన్నిగారు బుగ్గలు నొక్కుకున్నారు.

"పాటా? అది పాటా? నేను నిజంగానే మోటారనుకున్నానే తల్లీ. మాది కూడా అచ్చం అలాగే మూలిగి మూలిగి కాలిపోయింది. పోన్లే పాపం, ముందే చెబుదామని చెప్పాను. తర్వాత చప్పుడు ఆగిపోతే, బాగు చేయించారు కాబోలనుకున్నా."

"మరి ఆయన మాట్లాడకపోతే?"

"చెవులు మందగించాయనుకున్నా."

ఇంటికొచ్చాక ఆమెకు పెద్ద చిక్కే వచ్చిపడింది. మామగారికి పాటను వెక్కిరించారన్నది ఒక బాధ. అసలు పాటగానే గుర్తుపట్టలేదని చెబితే అది ఇంకో బాధ. ఎటూ తేల్చుకోలేక, షాపులో అడిగినట్టే అడిగింది.

"మావయ్యగారూ, పక్కింటి పిన్నిగారు మిమ్మల్ని వెక్కిరించారనుకోవడం నయమా, అది పాటని ఆవిడకు తెలియనే లేదనుకోవడం నయమా?"

ఆయన పేపరు దించారు. "తెలియలేదా?"

"ఒట్టు. మీరు మోటారు బాగు చేయించారనే ఇన్నాళ్లూ అనుకుంటున్నారు."

ఆయన ముఖం ఎర్రబడింది. తర్వాత భుజాలు కదలడం మొదలైంది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "వెర్రివాణ్ణమ్మా. సుత్తి ఎక్కడుందో చూడు" అన్నారు.

చెక్క ఊడింది. మేస్త్రీ వచ్చి ఉబ్బిన పూత గీకేసి, గోడలో కారుతున్న పైపు జాయింటు మార్చాడు. గోడ బాగా ఆరనిచ్చాకే కొత్త పూత వేశాడు. వెంటిలేటరులో ఎగ్జాస్టు ఫ్యానూ, దాని చుట్టూ కదలని గాజు పలకలూ అమరాయి.

అయినా తలుపు మూస్తే ఆవిరి అక్కడే తచ్చాడింది. భర్త ఫ్యాను అమ్మిన కొట్టువాణ్ణి తిట్టబోతుంటే, ఆమె పల్చటి కాగితం ముక్క తెచ్చి ఫ్యాను జాలీకి ఆనించింది. అది జారి కింద పడింది. తలుపు కాస్త తెరిచి మళ్లీ పెడితే, ఈసారి అతుక్కుపోయింది.

"బయటికి గాలి పోవాలంటే లోపలికి రావాలి కదండీ. తలుపు కింద మీరు బిగించిన రబ్బరు పట్టీ చూడండి."

"నీళ్లు గదిలోకి రాకుండా ఎంత కష్టపడి పెట్టాను" అని గొణుగుతూనే అతను పట్టీ పీకేశాడు. వడ్రంగి తలుపు అడుగున వేలి మందాన కోశాడు. ఆ తర్వాత తల తుడుచుకునేలోపే ఆవిరి ఖాళీ. ఆమె మొదటిసారి కళ్లజోడు పెట్టుకునే ఆ బాత్రూమును మూలమూలా చూసింది. గోడకు ఒక చిన్న అలమర ఉందని అప్పుడే తెలిసింది.

మామగారు కొన్నాళ్లు ఫ్యాను చప్పుడు చాటున కూనిరాగం తీశారు. నెమ్మదిగా గొంతు పెరిగింది. ఒక పొద్దున గోడ అవతలి నుంచి పిన్నిగారు, "అన్నయ్యగారూ, ఇది పాటేనా?" అని అడిగారు.

"పాటేనండీ" అన్నారాయన, ఒంటినిండా సబ్బుతో.

"అయితే కానివ్వండి. అయ్యాక ఓసారి ఇటు రండి. మా బీరువా వెనక గోడంతా చెమ్మే."

ఆయన తల కూడా సరిగ్గా తుడుచుకోకుండా టేపు పట్టుకుని వెళ్లారు. ఏ గోడ గీకాలో, ఏ కిటికీ తెరవాలో చెబుతూ భోజనం వేళ దాటేదాకా రాలేదు. కోడలు పిలవడానికి వెళ్లేసరికి, ఇద్దరూ కలిసి బీరువాను నెడుతూ, అది తమ వల్ల కాదని ఒప్పుకోలేక ఆయాసపడుతూ కనిపించారు. ఆమె చెంగు బిగించి మూడో చెయ్యి వేసింది.