అరుంధతి కనపడలేదన్న అమ్మాయి

శ్రావణంలో ముసురు పట్టిన రోజు పొద్దున్నే కాకినాడ ఆసుపత్రి నుంచి మా అల్లుడు ఫోన్ చేశాడు. "అత్తయ్యగారూ" అని ఆగిపోయాడు. జ్వరమని వెళ్లిన నా కూతురు ఇక లేదని ఆ ఆగడంలోనే తెలిసింది.

నేను ఐదో తరగతి దాటలేదు. నా కూతురు మాత్రం కొత్తపేట దగ్గర హైస్కూల్లో సైన్సు టీచరు. దాన్ని ఎరిగినవాళ్లు చదువుతారని రాస్తున్నాను.

చూడనిది చూశానని అది ఎప్పుడూ అనేది కాదు. పెళ్లిలో తాళి కట్టాక పంతులుగారు పందిరి బయటికి తీసుకెళ్లి, ఆకాశంలోకి వేలు చూపించి, "అరుంధతి కనపడిందా తల్లీ?" అన్నారు. అందరం కనపడిందనే అంటాం. నా పెళ్లిలో నేనూ అన్నాను. ఇది అనలేదు.

"లేదండీ. ఎండ కాస్తోంది కదండీ."

"కనపడిందని అనెయ్యవే! అవతల విస్తళ్లు వేసేసేరు," అని కసిరింది మా ఆడపడుచు.

"సాయంత్రం చూసి చెప్తానత్తా."

పంతులుగారే నవ్వేశారు. "ఆయ్, నాక్కూడా కనపడట్లేదమ్మా."

ఆ సాయంత్రం పెళ్లిచీరతోనే నన్ను డాబా మీదికి లాక్కెళ్లింది. నా గడ్డం పట్టుకుని ఉత్తరం వైపు తిప్పింది. కొబ్బరాకుల పైన ఒక చుక్క, దాన్ని ఆనుకుని ఇంకో చిన్నది.

"ఆ చిన్నదేనమ్మా. అమ్మమ్మ పుట్టిన రోజుల్లో అక్కణ్ణుంచి బయలుదేరిన వెలుగు ఇప్పుడు మన కళ్లకి చేరింది. మనం చూసేది అప్పటి చుక్కనే. ఇవాళ అదెలా ఉందో మనకి తెలీదు. మనుషులే లేనప్పుడు బయలుదేరిన వెలుగులు కూడా ఉన్నాయి, మన కంటికి ఆనవంతే."

"మరి అక్కణ్ణుంచి ఎవరైనా మనల్ని చూస్తే?"

"అమ్మమ్మ ఉయ్యాల్లో కనపడుద్ది. నువ్వింకా పుట్టలేదు, నేనసలే లేను," అని నవ్వింది.

దాని కర్మలన్నీ అయ్యాక, ముసురు కాస్త తెరిపిచ్చిన సాయంత్రం ఆడపడుచు నన్ను అదే డాబా మీదికి తీసుకెళ్లింది. మబ్బుల సందులో ఒక్క చుక్క.

"అదుగో వదినా, మన పిల్ల. చుక్కైపోయింది. కనపడిందా?"

అడుగుతూనే ఏడుస్తోంది. కనపడిందంటే తనకి ఊరట. నాకూ ఆ మాటే కావాలి. కళ్లు నొప్పి పుట్టేదాకా చూశాను. ఆ వెలుగు ఏ కాలంలో బయలుదేరిందో. నా కూతురు పోయింది మొన్నమొన్ననే. అందులో అదెలా ఉంటుంది?

"లేదమ్మా," అన్నాను. "కనపడలేదు."

తను వేలు దించలేదు. చుక్కని మబ్బు కమ్మేసింది. నా గడ్డం పట్టుకుని తిప్పే చెయ్యి ఇక లేదు. మొహం ఉత్తరానికి పెట్టుకుని అలాగే నిలబడ్డాను. మీద చినుకులు పడుతున్నాయి.