ఎడమ డొక్క

మా దొడ్లో నలభై బర్రెలుండేవని ఎవరడిగినా చెబుతుంటాను. అడగకపోయినా చెబుతుంటాను. నలభై కాదు, నాలుగు. ఆ నాలుగింటిలో మూడు, వానలు ముఖం చాటేసిన ఆ ఏళ్ళలోనే సంతకు పోయాయి. అంటే నేనిప్పుడు చెప్పేది ఒక్క బర్రె సంగతి. ఎక్కడైనా నోరు జారి పెంచితే, మళ్ళీ నేనే దించుకుంటాను.

రెండువేల సంవత్సరం దాటి కొన్నాళ్ళయిన కాలం. మేముండేది జవహర్‌నగర్‌కూ శామీర్‌పేటకూ నడుమ. పొద్దున్నే పాలు పిండి, క్యాన్లు మోపెడ్‌కు చెరోపక్క తగిలించుకొని, పట్నం అంచున సుచిత్ర చౌరస్తా దాకా పోయి కొత్త కాలనీల్లో పోసి వచ్చేవాణ్ణి. మా పొయ్యి వెలిగేది ఆ పాల మీదే.

ఒక్క కరువే అయితే మాకు కొత్త కాదు. మా బాపు కూడా కరువులు చూశాడు. వానలు లేనప్పుడు బర్రెలను ఊరి బయటి బీళ్ళకు తోలేవాడు. నేనూ తోలాను. బీడు నిండా సున్నం కొట్టిన హద్దురాళ్ళు పాతి ఉన్నాయి. ప్లాట్లట. బర్రె కాలు పెడితే కాపలావాడు కర్ర ఎత్తేవాడు. శామీర్‌పేట చెరువు లోపల ఇంకా కాస్త తుంగ ఉందన్నారు గానీ, బక్కచిక్కిన బర్రెను ఆ ఎండలో అంతదూరం నడిపిస్తే తుంగ దాకా చేరేది కాదు. బావి అడుగున బురద కూడా ఆరిపోయింది. గడ్డి కొనడానికి మిగిలిన దారి నా భార్య కోళ్ళఫారం కూలి. ఆ ఎండాకాలం వేడికి రేకుల కింద కోళ్ళు కుప్పలుగా చచ్చాయి. ఫారం మూసేశారు. ఆమె టిఫిన్ డబ్బా చేత్తో పట్టుకొని మధ్యాహ్నానికే ఇంటికొచ్చి గడపలో కూర్చుంది. ఒక దెబ్బకు ఓర్చుకుందామని వీపు ఇటు తిప్పితే రెండోది అటునుంచి తగిలేది. విడివిడిగా వస్తే ఏదో ఒకదానితో పెనుగులాడేవాళ్ళం. అవి చేతులు పట్టుకొని వచ్చాయి.

అప్పటికే పట్నం చెత్తనంతా లారీలు మా దిక్కుకే తెచ్చి పోస్తున్నాయి. వాసనకు మేం ముక్కులు మూసుకుంటే బర్రె ముక్కు తెరిచింది. దారి అదే కనుక్కుంది. కుళ్ళిన క్యాబేజీ, అరటి తొక్కలు, ఫంక్షన్ హాళ్ళ అన్నం. సాయంత్రం కడుపు నింపుకొని వచ్చేది.

"చెత్త తింటాంది, సూస్తున్నవా?" అంది నా భార్య.

"క్యాబేజీ తింటాందే. మస్తు బలం."

"ఇగ రేపటికెల్లి నీకు గూడ గదే వండుత."

సుచిత్రలో ఒక మేడం ఉండేది. కోస్తా నుంచి వచ్చిన బ్యాంకు ఉద్యోగి భార్య. నా వాడుక ఇళ్ళన్నిటికీ ఆమె మాటే మాట. ఏం మేత పెడుతున్నావని ఆమె అడిగితే, "పత్తిచెక్క, తౌడు, ఉలవలు మేడం. నేను తినేదానికన్న మంచి తిండి" అన్నాను. అందులో చివరి ముక్క నిజమే.

ఒక పొద్దున ఆమె గిన్నె బయటికి తేలేదు.

"పాలకేదో వాసనొస్తోందయ్యా. మావాడు గ్లాసు ముట్టుకోవట్లేదు. ఈ నెలాఖరు నుంచి ప్యాకెట్లు వేయించుకుంటాం, ఏమనుకోకు."

ఆమె వెనకే మిగతా ఇళ్ళూ మానుకున్నాయి. అదే రోజుల్లో బర్రె ఒట్టిపోయింది, సూడిది కదా. ఈనడానికి ఇంకా సమయం ఉంది. నేను మేడం గుమ్మం ముందు నిలబడి ఆ మాటే చెప్పాను.

"సరే, ఈనాక రావయ్యా. మంచి మేత పెట్టి తీసుకొస్తే మళ్ళీ నీ దగ్గరే పోయించుకుంటాం. ముందు జున్నుపాలు తేవాలి, మర్చిపోకు."

ఈనిన బర్రె మొదటి పాలు వాడుక ఇళ్ళకు ఊరికే పంచడం మా ఆనవాయితీ. జున్ను తిన్న ఇల్లు ఆ ఈత పాలు ఉన్నన్నాళ్ళూ మన ఇల్లే. ఇక నాకు మిగిలిన ఆశ అంతా ఆ బర్రె కడుపులో ఉంది. అది ఈనాలి, నేను జున్నుపాలతో ఆ మెట్లెక్కాలి. అంతే.

కడుపు పెరగసాగింది. రెండు చేతులు చాపినా అందనంత అని చెబుతుంటాను. అంత కాదు. కానీ పక్కటెముకలు బయటపడ్డ బర్రెకు అంత కడుపు ఎవరూ చూసి ఉండరు. చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ రెండు దూడలని చెప్పాను. మేడంకు కూడా. "కవలలా!" అని ఆమె నవ్వింది. "అయితే జున్ను రెండు గిన్నెలు."

నా భార్య బర్రె నుదుటికి పసుపు రాసేది. జున్నుపాలకని కొత్త కుండ తెచ్చి, కడిగి, అటక మీద బోర్లించింది. కానీ ఒకరోజు కుడితి పెడుతూ చెయ్యి ఆపింది.

"దూడ కుడి దిక్కు గద కదిలేది. గిదేంది, ఎడమ డొక్క ఉబ్బుతాంది?"

"రెండున్నయ్ గదనే. ఒకటి గిటు, ఒకటి గటు."

"నీ మొఖం. లోపల అర్రలు గట్టిచ్చినవా వాటికి?"

నవ్వింది. నేనూ నవ్వాను. పుట్టిందగ్గర్నుంచి బర్రెల మధ్య బతికినవాణ్ణి, ఎడమ పక్క ఉండేది మేత పొట్ట అని, అది ఉబ్బితే ఏమిటో తెలియనివాణ్ణి కాదు. కానీ ఆ ఎండాకాలం నాకు కవల దూడలు కావాలి. అవసరం కళ్ళ ముందు నిలబడితే దాని వెనక ఏమున్నదీ మనిషికి కనిపించదు.

తర్వాత బర్రె నెమరు మానేసింది. కుడితి వాసన చూసి తల తిప్పుకుంది. మేడ్చల్ నుంచి పశువుల డాక్టరును నా మోపెడ్ మీదే తీసుకొచ్చాను. ఆయన ఎడమ డొక్క మీద పిడికిలితో నొక్కాడు. నొక్కిన గుంట అలాగే ఉండిపోయింది.

"ఏం మేపినవ్?"

"పత్తిచెక్క సార్..."

"అబద్ధం సార్" అంది నా భార్య. "చెత్తకుప్పల మేసింది. మా తాన ఏం లేకుండె."

ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "కడుపు కోసి తియ్యాలె. దూడ నిల్వదేమో. తియ్యకుంటే రెండూ నిల్వవు" అన్నాడు.

రేకుల పందిరి కింద బర్రెను కట్టేసి, మత్తు సూది వేసి, ఎడమ డొక్క కోశాడు. భుజం దాకా చెయ్యి పెట్టి లాగడం మొదలుపెట్టాడు. ప్లాస్టిక్ కవర్లు. తాళ్ళలా పేనుకుపోయిన కవర్లు, లాగినకొద్దీ వస్తూనే ఉన్నాయి. క్వింటాలు వచ్చిందని చెబుతుంటాను. రెండు గంపలు. అందులో పాలప్యాకెట్ల కవర్లు కూడా ఉన్నాయి. మూల కత్తిరించిన ముక్కతో సహా. అవి మేడం ఇంట్లోవేనని నేను చాలామందికి చెప్పాను. ఎవరింటివో నాకేం తెలుసు? అంత పట్నం. అందరూ తాగి పారేసినవే.

మూడు వేళ్ళంత దారంతో కుట్లు వేశాడని కూడా చెబుతుంటాను. వదిలేయండి. నా భార్య తడిగుడ్డతో ఈగలు తోలుతూ బర్రె తల దగ్గరే కూర్చుంది. దూడ ముందు పోయింది, నెలలు నిండకుండానే చచ్చి బయటపడింది. ఒకటే, దున్నపిల్ల. బర్రె లేవబోయి ముందుకాళ్ళ మీద కూలబడింది, ఇక లేవలేదు. తెల్లారేసరికి కళ్ళు తెరిచే ఉన్నాయి, చూపు లేదు.

నేను సుచిత్ర పోయాను. క్యాన్లు లేని మోపెడ్ తేలిగ్గా ఎగిరెగిరి పడుతోంది. మేడం నన్ను చూడగానే రెండు గిన్నెలు పట్టుకొని బయటికొచ్చింది.

"ఈనిందా? ఎన్ని?"

"రెండు మేడం" అన్నాను. నోటికి అలవాటు.

"రెండూ బాగున్నాయా?"

"మస్తుగున్నయ్." ఆమె గిన్నెలు నా ముందుకు చాపింది. నా చేతుల్లో ఏమీ లేదు. "లేవు మేడం. ఏం లేవు. దూడ లేదు, బర్రె లేదు. మీ అపార్టుమెంటుల వాచ్‌మన్ గావాలన్నరు గద, అప్పట్ల..."

ఆమె గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పెట్టి పక్కన ఉంచింది. "అయ్యో, మొన్ననే వచ్చేశాడయ్యా. పాలమూరు నుంచి, పెళ్ళాం పిల్లలతో. వాళ్ళ ఊళ్ళో తాగడానిక్కూడా నీళ్ళు లేవట." లోపలికెళ్ళి, గ్లాసు నిండా మజ్జిగ తెచ్చిచ్చింది. ప్యాకెట్ పాల మజ్జిగ. ఎండ మాడ్చేస్తోంది. గటగటా తాగేశాను. చల్లగా ఉంది.

ఇంటికొచ్చాక నా భార్య అడిగింది. "ఏమన్నది?"

"రేపు రమ్మన్నది."

ఆమె నా మొహం చూసి, "గిట్లనే అంటవని నువ్వు పోయేటప్పుడే ఎరుక" అంది. అటక మీది కుండ దించింది. పైన పట్టిన దుమ్ము కొంగుతో తుడిచింది. వీధి చివర నీళ్ళ ట్యాంకర్ హారన్ కొడుతోంది. ఆమె ఆ కొత్త కుండ చంకన పెట్టుకొని అటు నడిచింది.