నాలుగు ఎంబీల కురియాకోస్ చేట్టన్

మా కొట్టాయం కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకునే కురియాకోస్‌ని అందరం చేట్టన్ అంటాం, మలయాళంలో అన్న అని. ఆయనకి నాలుగు దాటినదేదీ గిట్టదు. క్యాంటీన్లో పళంపొరి, అదే అరటిపండు బజ్జీలు, నాలుగే తింటాడు. సెలవు చీటీ నాలుగు లైన్లు దాటితే చదవకుండా తిప్పికొడతాడు. ఆయన ప్రాక్సీ యంత్రమూ అంతే. ఒకరు తెరిచిన ఫైలును దాచుకుని, తర్వాత అడిగినవాళ్లకి చప్పున ఇస్తుంది. నాలుగు ఎంబీలు దాటితే మాత్రం దాచదు.

ఓ సోమవారం ప్రిన్సిపాల్, ల్యాబులో చేట్టన్ కింద పనిచేసే నన్ను పిలిచారు. "శుక్రవారం అతిథులొస్తున్నారు. నా ఉపన్యాసం వీడియో అరవై కంప్యూటర్లలో ఒక్కసారే ఆడాలి. అది ఆగిందా, నీ టెంపరరీ ఉద్యోగమూ ఆగుతుంది."

వీడియో యాభై రెండు ఎంబీలు. యంత్రం దాన్ని దాచకపోతే అరవై కంప్యూటర్లూ విడివిడిగా లాగి, మా సన్నటి ఇంటర్నెట్ మొరాయిస్తుంది.

"చేట్టా, పరిమితి కాస్త పెంచకూడదూ?"

"ప్రిన్సిపాల్ చెబితే పోయినేడే వంద చేశాను మోనే," అన్నాడు కొడుకుని పిలిచినట్టు. "చూసుకో."

నిజమే, వంద అనే రాసి ఉంది. అయినా యంత్రం వీడియోను దాచదు! మూడు రోజులు జుట్టు పీక్కున్నాను. గురువారం దొరికింది. యంత్రం సెట్టింగులను పైనుంచి కిందికి చదువుతుంది. ఫైళ్ల గోదాము తెరిచే లైను పైనుంది, 'వంద' లైను దాని కింద ఉంది. గోదాము తెరిచేశాక ఎంత మొత్తుకున్నా దానికి పుట్టుకతో వచ్చిన నాలుగే చెల్లుతుంది.

"లైను తప్పుచోట పెట్టారు చేట్టా!"

"తప్పేంటి? కావాలనే పెట్టాను. వంద ప్రిన్సిపాల్‌కి కనబడాలి, యంత్రానికి కనబడకూడదు."

"మహానుభావా, నా ఉద్యోగం పోతుందండీ!"

ఆయన ల్యాబు మూలకేసి చూపించాడు. చూపులేని రమ్లా హెడ్‌ఫోన్లలో పాఠం వింటోంది. ఇంటర్నెట్ పోయి గంటయింది, ఆమె పాఠం మాత్రం ఆగలేదు. పుస్తకాలన్నీ చేట్టనే ఇంట్లో పైకి చదివి, రికార్డు చేసి, నాలుగు ఎంబీల లోపు ముక్కలుగా కోసి, గోదాములో నింపాడట.

"సార్, ఆరో పాఠంలో మీ ఆవిడ 'చేపలు తెచ్చారా?' అని అడిగారు," అంది రమ్లా.

"అది పరీక్షకి రాదు మోళే," అని కూతురికి చెప్పినట్టు చెప్పి నాకేసి తిరిగాడు. "చిన్న గోదామురా. పెద్దవి దూరితే ఇవి బయటికి పోతాయి."

నా కోపం పోయింది. భయం పోలేదు. "మరి రేపెలా?"

"ఉపన్యాసాన్నీ కోస్తా."

"యాభై రెండుని నాలుగు చేస్తే అందులో ఏం మిగులుతుంది?"

"విషయం."

శుక్రవారం అరవై తెరల మీద ఉపన్యాసం ఎక్కడా ఆగకుండా మూడు నిమిషాల్లో ముగిసింది. అతిథులు లేచి చప్పట్లు కొట్టారు. ప్రిన్సిపాల్ కళ్లు తుడుచుకుంటూ వచ్చి, "నేనింత బాగా మాట్లాడతానని నాకే తెలీదయ్యా. ఆ వంద భలే పనిచేసింది," అన్నారు.

అతిథుల పళ్లెంలో పళంపొరి ఐదు మిగిలాయి. చేట్టన్ నాలుగు తిని, ఐదోది రమ్లా చేతిలో పెట్టాడు.