సన్యాసిరావు గారి పేరు దగ్గర ఆగిన జీతాలు

మహేక్ రాంబిల్లి దగ్గరి మందుల ఫ్యాక్టరీలో హెచ్‌ఆర్ అసిస్టెంటు. రోజూ అనకాపల్లిలో కంపెనీ బస్సెక్కుతుంది. జీతాలు పెంచే కాలంలో బస్సులో కూడా ఆమె ఫోను మోగుతూనే ఉంటుంది.

ఈసారి ప్యాకింగ్ సెక్షన్ వాళ్ల పెంపు సాఫ్ట్‌వేర్‌లో ఇరుక్కుపోయింది. ‘అప్రూవ్’ నొక్కిన ప్రతిసారీ ఎర్రక్షరాలతో ‘ఎర్రర్’ అని వచ్చేది. కారణం ఉండేది కాదు. హెల్ప్‌డెస్క్ వాళ్లు బ్రౌజర్ మార్చమన్నారు. మార్చింది. లాగౌటై మళ్లీ రమ్మన్నారు. వచ్చింది. రోజంతా అదే పని. ఇంటికెళ్లాక అమ్మతో మాట్లాడే ఓపిక కూడా ఉండేది కాదు.

ఒక మధ్యాహ్నం క్యాంటీన్ దగ్గర పైడితల్లి ఎదురైంది. మునగపాక నుంచి వస్తుంది, ప్యాకింగ్‌లో అందరికన్నా పాత మనిషి.

“ఏటమ్మా, ఈ నెల కూడా పెరగనేదేటి?”

“చేత్తన్నానక్కా. కంప్యూటర్ ఒప్పుకోట్లేదు.”

“దాన్ని ఒప్పించే మనుసులే నేరేటమ్మా?”

కోపంగా అనలేదు. అందుకే మహేక్‌కు అన్నం సయించలేదు.

సీటు దగ్గరికొచ్చి, తన తర్వాత అప్రూవల్ ఎవరికి వెళ్తోందో తెరిచి చూసింది. సన్యాసిరావు. ప్యాకింగ్ మేనేజరు. వానాకాలంలో గుండెపోటుతో పోయారు. ఆమె చేరిన కొత్తలో పక్కన కూర్చోబెట్టుకుని ప్యాకింగ్ వాళ్ల హాజరు లెక్కలు నేర్పింది ఆయనే. ఆయన లాగిన్ అప్పుడే ఆపేశారు. కానీ ఆయన లేరని రికార్డులో ఎవరూ ఎక్కించలేదు. ఒకరు చేసుంటారని ఇంకొకరు అనుకున్నారు. పెంపులన్నీ ఆయన పేరు దాకా వెళ్లి తిరిగొస్తున్నాయి.

కొత్త మేనేజరు పేరు పెట్టాలంటే ఆయన రికార్డు మూసెయ్యాలి. సాఫ్ట్‌వేర్ కారణం అడిగింది: రాజీనామా, రిటైర్మెంట్, తొలగింపు, మరణం. మహేక్ ఏదీ నొక్కలేదు. లేచి హెచ్‌ఆర్ మేనేజరు దేవీప్రసాద్ గదికెళ్లింది.

“సార్, సన్యాసిరావు గారిది మీరు క్లోజ్ చేత్తారా?”

ఆయన తల దించుకున్నారు. “నువ్వే చేసీమ్మా. నా వల్ల కాదు.”

మహేక్ మొహం కడుక్కుని వచ్చి కూర్చుంది. ‘మరణం’ ఎంచుకుంది. ఖాయమేనా అని అడిగింది సాఫ్ట్‌వేర్. అవునని నొక్కింది. ఆ తర్వాత కొత్త మేనేజరు పేరు పెట్టగానే పెంపులన్నీ ఒకదాని వెనక ఒకటి వెళ్లిపోయాయి. సంతోషం మాత్రం రాలేదు.

సాయంత్రం చేతులు కడుక్కునే కొళాయిల దగ్గర పైడితల్లికి సంగతంతా చెప్పింది. వచ్చే నెల నుంచి పెరుగుతుందని కూడా చెప్పింది. పైడితల్లి పెంపు మాటే ఎత్తలేదు.

“ఇన్నాళ్లూ ఆ బాబుకే పంపుతున్నావేటమ్మా?” అంది మెల్లగా.

మహేక్ తలూపింది. పైడితల్లి కొళాయి కట్టేసి, ఆమెతో పాటు బస్సు దాకా నడిచింది.