నిమ్మకాయ కట్టిన యాంటీవైరస్ పెట్టె

మా చిన్నాయన పోయినాడు. పోయిన నెల ఒక పొద్దున ఎమ్మిగనూరు నుంచి చిన్నమ్మ ఫోన్ చేసి, "గుండె ఆగిపాయ నాయనా" అన్నది. ఆయన యాంటీవైరస్ తయారుచేసే మనిషి. ఇంటి ముందుగదిలో, ఇద్దరు స్నేహితులతో కలిసి చేసేవాడు. ఆదోని పత్తి మిల్లుల్లో చాలా కంప్యూటర్లకు అదే కాపలా.

చాలా ఏళ్ళ కింద ఒక మిల్లు షావుకారు చిన్నాయన యాంటీవైరస్ పెట్టె కొన్నాడు. లోపలి డిస్కు తియ్యనేలేదు. ఆయుధపూజ నాడు పెట్టెకు కుంకుమ పెట్టి, నిమ్మకాయ, మిరపకాయలతో సహా కంప్యూటర్‌కు కట్టినాడు. వైరస్ రానే వచ్చింది. "కట్టినాం కదప్పా, యాడ నుంచి దూరె?" అని చిన్నాయన మీద ఎగిరినాడు. నేను పగలబడి నవ్వితి. చిన్నాయన నవ్వలేదు. డిస్కు వేసి, పెట్టెను మళ్ళీ అక్కడే కట్టినాడు.

"ఉండనీలే. దాన్ని చూసైనా తెలియని ఫైలు తెరిచేముందు చెయ్యి ఆగుతాది."

ఈ మధ్య ఎవరిదో భద్రతా సాఫ్ట్‌వేర్‌లో తప్పు దొర్లి దేశదేశాల కంప్యూటర్లు నీలం తెరతో కూలబడినాయి. అట్లాంటి కాపలా సాఫ్ట్‌వేర్‌లు కంప్యూటర్ లోపలి గదిలో, ఆపరేటింగ్ సిస్టమ్ గుండె పక్కనే కూర్చుంటాయి. అవి తూలితే అంతా తూలుతుంది. అందుకని సిస్టమ్ తయారుచేసేవాళ్ళు, యాంటీవైరస్‌లు ఇంక బయటి గదికి రావాలన్నారు. వాళ్ళకూ సొంత యాంటీవైరస్ ఒకటుంది. వందలమంది ఇంజనీర్లున్నోళ్ళు ఎట్లో చేసుకుంటారు. చిన్నాయనకు మాత్రం బతుకంతా రాసిందాన్ని తిరగరాయడమే.

నాకు ఒళ్ళు మండింది. కరపత్రాలు చదివి ఎదిగినవాణ్ణి, ఆ సిస్టమోళ్ళను తిడతా ఒకటి నేనే రాసి చిన్నాయన దగ్గరికి తీసుకుపోయినాను. ఆయన ఉగ్గాని తింటా చదివినాడు.

"ఒరే, కావలోడు పడగ్గదిలో మంచమేసుకుంటే ఇంటోళ్ళు ఊరుకుంటారా?"

"మరి ఆ ఇంటోడే తాళాలూ అమ్ముతాండాడు కదా చిన్నాయనా!"

"ఆ, అది రాయి. మనల్ని బయట నిలబెడితే వాని తాళమూ బయటే ఉండాల. అది న్యాయం. ఈ తిట్లన్నీ కొట్టెయ్."

కొట్టేస్తే నా కరపత్రంలో ఆ ఒక్క మాటే మిగిలింది. ఈరోజుకీ నేను నిలబడి అడగగలిగేది అదొక్కటే.

చిన్నాయన బయటి గదిలో నడిచే కొత్త యాంటీవైరస్ రాయడం మొదలుపెట్టినాడు. బయటి గది నుంచే మొదటి వైరస్‌ను పట్టుకున్నప్పుడు చిన్నమ్మను పిలిచి చూపించినాడు. "దీనికా ఇన్నాళ్ళు? బొద్దింకైతే నేనెప్పుడో కొట్టిందును" అన్నదామె. ఆయన మురిసిపోయి నవ్వినాడు.

పని సగంలో ఉండగానే పోయినాడు. ఆయన లేకుండా మావల్ల కాదు, ఆపేస్తామన్నారు స్నేహితులు. నాకు మాత్రం ఆయన ముందే చెప్పి పెట్టినాడు: "మనది నిలవకపోతే మిల్లులకు పోయి తీసేసి రా. కావలోడు లేని ఇంటికి ఉన్నాడని బోర్డు పెట్టకూడదు."

దినాలు అయినాక ఆదోని పోయినాను. ఆ షావుకారు కంప్యూటర్‌లో చిన్నాయన చేసినదాన్ని తీసేసి, సిస్టమ్‌తో వచ్చే కాపలానే నడిపించినాను. పెట్టె విప్పబోతే షావుకారు చెయ్యి అడ్డం పెట్టినాడు.

"అది ముట్టొద్దప్పా."

నేను చెప్పులేసుకుంటాంటే ఎవరో పంపిన ఫైలు ఒకటి తెర మీదికొచ్చింది. షావుకారు వేలు మౌస్ మీద ఆగింది. తలెత్తి, రంగు వెలిసిన ఆ పెట్టె దిక్కు, దాని మీది కుంకుమ దిక్కు చూస్తా అట్లే కూర్చున్నాడు.